గల్లీ కోసం వేయించుకున్న టీకా

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరైనా తుమ్మితే ఎవరూ తల తిప్పి చూసేవాళ్లు కాదు. దూదేకులవాళ్ల ఇల్లు మరి. లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు గోడకు కాస్త ఇవతల ఒక సన్నని గల్లీలో ఉండేవాళ్లం. ముందు గదిలో మా తాత, మా నాయన విల్లు పెట్టి దూది ఏకేవాళ్లు. అమ్మ పరుపులు, బొంతలు కుట్టేది. వెనక గదిలో ఏకిన దూది నా నెత్తికి మించి గుట్టగా ఉండేది. అన్నంలో దూది, నీళ్లలో దూది, జడలో దూది. మావి ముసల్మాను పేర్లే అయినా ఇంట్లో మాట తెలుగు. పీర్ల పండుగకు మా గుమ్మం ముందు ఎంత సందడో బోనాలకూ అంతే. అందుకని రెండు వైపులవాళ్లూ మమ్మల్ని తమవాళ్లనుకున్న రోజులు ఉన్నాయి, ఇద్దరూ కాదనుకున్న రోజులూ ఉన్నాయి.

నేను చెప్పబోయేది పోలీస్ యాక్షన్ అయిన ఏడు చలికాలం సంగతి. నాకు ఎనిమిదేళ్లు ఉంటాయేమో. అంతకు కొన్నాళ్ల ముందు, పాత సర్కారు తరఫున బరిసెలు పట్టుకొని వీధుల్లో తిరిగే దళంవాళ్లు తమ మకాంకు పరుపులు కావాలని నాయనకు చెప్పి పోయారు. వద్దనే ధైర్యం అప్పుడు ఎవరికుంది? నింపి ఇచ్చాడు. మిలిటరీ వచ్చాక ఎవరో ఆ సంగతి వాళ్లకు చెప్పారు. నాయనను పట్టుకుపోయారు. కొన్నాళ్లకు వదిలేశారు గానీ, వచ్చిన మనిషి పోయిన మనిషి కాదు. అక్కడ ఏం జరిగిందో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు. బయట బూటు చప్పుడైతే చాలు, ఆయన చేతిలో దూది ఏకే కర్ర ఆగిపోయేది. ఎనిమిదేళ్ల పిల్లకు సర్కార్లు మారడం ఏం తెలుస్తుంది? నాయన ముఖం తెలుస్తుంది.

అది చాలనట్టు అమ్మవారు వచ్చింది. స్ఫోటకం అనే మాట ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. గుమ్మాలకు వేపమండలు కట్టారు, ఇళ్లలో పోపు వేయడం మానేశారు. వెనక గల్లీలో ఒక ఇంటి పిల్లవాడికి పోస్తే మూత బండి వచ్చి ఊరవతలి అంటురోగాల దవాఖానకు తీసుకుపోయింది. వాడు తిరిగి రాలేదు. వాణ్ని తీసుకుపోయింది అమ్మవారా, బండా అన్నది మా గల్లీలో ఎవరూ తేల్చుకోలేకపోయారు. ఇంతలో కొత్త సర్కారు ఇంటింటికీ తిరిగి టీకాలు వేయిస్తుందని, వెంట మిలిటరీ కూడా వస్తుందని కబురు వచ్చింది. టీకా పేరుతో ఇళ్లు సోదా చేస్తారని కొందరు, మగవాళ్లను ఏరుకుపోతారని కొందరు, ఒళ్లు వెచ్చగా ఉన్న బిడ్డ కనబడితే బండి ఎక్కిస్తారని మరికొందరు చెప్పుకున్నారు. నేను అన్నీ నమ్మాను.

పక్కింటి ఫిట్టర్ మామకు మాత్రం సంతోషమే. వర్క్‌షాపులో ఉద్యోగం ఆయనది. పాత సర్కారు చివరి రోజుల్లో ఆ దళంవాళ్ల భయానికి పొద్దుగూకితే గడప దాటేవాడు కాదు. ఆయన వంతు భయం అయిపోయింది, మా వంతు మొదలైంది. మా అరుగు మీద కూర్చొని, పైసా తీసుకోకుండా సర్కారు ఇంటికొచ్చి మందిస్తుంటే వద్దనేవాణ్ని ఏమనాలని గట్టిగా వాదించేవాడు. ఒకరోజు నాయన అన్నాడు.

“నీకు రైల్వే దవాఖాన ఉన్నది బావా. నీకేమన్న అయితె అడిగెటోల్లున్నరు. నాకేమన్న అయితె ఎవల్ని అడగాలె?”

 మా తాత గుమ్మంలో కూర్చొని ఆ మాటలు వింటున్నాడు. తాత చిన్నతనంలో అమ్మవారు పోసి బతికిన మనిషి. ముఖమంతా గుంతలు, ఒక కంటిలో పువ్వు. ఆయన ముఖం చూస్తే ఆ జబ్బు ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని లేదు. అయినా తాత కూడా సర్కారును నమ్మండని అనలేదు. ఏ సర్కారు మాటా నమ్మి బతికిన వంశం కాదు మాది.

టీకాలవాళ్లు వచ్చిన పొద్దున తమ్ముడికి జలుబు చేసి ఒళ్లు కాలుతోంది. అప్పటికి వాడు బోర్లాపడటం నేర్చుకున్నాడంతే. గల్లీ మొదట్లో మోటారు ఆగిన చప్పుడైంది. తలుపులు ఒకటొకటిగా మూసుకుంటున్న చప్పుడు మా దాకా వచ్చింది. జ్వరంతో ఉన్న బిడ్డను చూస్తే అమ్మవారేనని తీసుకుపోతారని నాయన భయం. దూదిలోకి పొమ్మని అమ్మతో అన్నాడు. ఇంకెవరింట్లోనైనా అయితే అటక ఎక్కుతారు, నీళ్ల గాబు వెనక నక్కుతారు. మేము ఆడుకునేటప్పుడు దాక్కునేది దూదిలోనే, పెద్దవాళ్లకు భయం వేసినా తోచింది దూదే. అంత మెత్తనిది ఎవరికైనా కీడు చేస్తుందని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

అమ్మ తమ్ముణ్ని రొమ్ముకు అదుముకొని గుట్టలోకి దూరింది, నేను ఆమె పక్కన దూరాను. నాయన పైనుంచి దూది కప్పి ముందు గదిలోకి వెళ్లాడు. లోపల చీకటి, ఉక్క. ముక్కులో నూగు దురద పెడుతోంది. తుమ్మితే నాయనను పట్టుకుపోతారు. ముక్కు గట్టిగా పట్టుకొని నోటితో ఊపిరి తీస్తుంటే నోట్లోకి దూది వస్తోంది. బయట బూట్లు అరుగెక్కాయి. ఎవరో పిల్లలున్నారా అని అడిగారు. ఇంట్లో పసిపిల్లలు ఎవరూ లేరని తాత గొంతు చెప్పింది. తాత అబద్ధం చెప్పడం నేను వినడం అదే మొదలు.

తమ్ముడు మూలగబోయాడు. అమ్మ వాణ్ని ఇంకా గట్టిగా అదుముకుంది. వాడి కాలు నా మణికట్టు మీద ఉంది. ఊపిరాడక తన్నుతున్నాడు. కాసేపటికి తన్ను నెమ్మదించింది. తర్వాత ఆగిపోయింది. నిద్రపోయాడేమో అనుకోబోయాను, కానీ నిద్రపోయే కాలు అలా బరువుగా ఉండదు. అరిస్తే నాయన పోతాడు. అరవకపోతే తమ్ముడు పోతాడు. ఆ వయసులో ఎవరికీ రాకూడని ఆలోచన అది.

“అమ్మా, తమ్ముడు తన్నుతలేడు.”

మెల్లగా అన్నాననుకున్నాను గానీ ఇల్లంతా వినబడిందట. అమ్మ ఒక్క ఊపున దూదిని చీల్చుకొని ముందు గదిలోకి పరిగెత్తింది, వెనకే నేను. నెత్తి నుంచి కాళ్ల దాకా తెల్లగా ఉన్న మమ్మల్ని చూసి తుపాకీ పట్టుకున్న జవాను రెండు అడుగులు వెనక్కి వేశాడు. ఇంకెప్పుడైనా అయితే అది చూసి నవ్వేదాన్నే. తమ్ముడి పెదవులు నల్లబడ్డాయి. ముక్కు నిండా, నోటి నిండా దూది. టీకాలాయన చేతిలో పెట్టె కింద పెట్టి, బిడ్డను అమ్మ చేతుల్లోంచి తీసుకొని, నోట్లో వేలు పెట్టి దూదంతా తీశాడు. ముంజేతి మీద బోర్లా వేసుకొని వీపు మీద చరిచాడు. ఏమీ కాలేదు. మళ్లీ చరిచాడు. ముందు ఒక దగ్గు వచ్చింది, ఆ తర్వాత ఏడుపు వచ్చింది. ఆయన బిడ్డను అమ్మకు ఇవ్వబోతే అమ్మ అందుకోలేదు. తన చేతుల వంక చూసుకుంటూ నిలబడింది. చివరికి తాతే అందుకున్నాడు.

ఇక మా అబద్ధం బయటపడింది, నాయనను పట్టుకుపోతారు అనుకొని నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. తాత మాత్రం బిడ్డను భుజాన వేసుకొని టీకాలాయన ఎదుటికి వచ్చాడు.

“అబద్దం చెప్పిన సాబ్. మీరంటె భయంతోని చెప్పిన. మందు ఇయ్యనీకె తుపాకి ఎందుకు తెచ్చిన్రు?”

మా గల్లీలో ఒక సర్కారు మనిషిని ఎవరైనా అలా అడగడం నేను చూడలేదు. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. ఆయన నుదురు తుడుచుకొని, ఇంకో బస్తీలో తమ మీద రాళ్లు వేశారని, తనకూ పిల్లలున్నారని, తనకూ భయంగానే ఉందని చెప్పాడు. అంటే మా గుమ్మానికి లోపలా భయమే, బయటా భయమే. మధ్యలో తమ్ముడు చచ్చిపోబోయాడు.

అప్పుడు తాత ఒక ఉపాయం చెప్పాడు. రేపు ఒక్కరే రమ్మన్నాడు. లోపలికి కాదు, గల్లీ నడుమ కూర్చోమన్నాడు. రాళ్లు పడకుండా చూసే పూచీ తనదన్నాడు. టీకా ముందు తనకే వేయమన్నాడు. టీకాలాయన తాత ముఖం చూసి, ఒకసారి అమ్మవారు పోసినవాళ్లకు టీకా అక్కర్లేదన్నాడు.

“నాకక్కర లేదు సాబ్. గల్లికి అక్కరున్నది.”

మరునాడు ఆయన నిజంగానే ఒక్కడే వచ్చాడు. తాత గల్లీ మధ్యలో కొత్త పరుపు పరిచి, చొక్కా విప్పి కూర్చున్నాడు. టీకాలాయన తన ఇనుప కడ్డీని దీపం మంటలో కాల్చి, చల్లార్చి, మందు అద్ది తాత జబ్బ మీద తిప్పుతుంటే కిటికీ సందుల్లోంచి గల్లీ అంతా చూసింది. తాత అక్కణ్నుంచి లేవలేదు. అందరూ చూసేలా అక్కడే రొట్టె తిన్నాడు, అక్కడే బీడీ కాల్చాడు. చెయ్యి చాపే ముందు ఎవరికి ఏ అనుమానం ఉన్నా టీకాలాయన ముఖం మీదే అడగమని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. అడిగారు కూడా. మందు దేనితో చేస్తారని, పుండు పడితే ఎవరు చూస్తారని, ఈ సర్కారు కూడా పోతే రేపు ఎవరొస్తారని. కొన్నిటికి ఆయన జవాబు చెప్పాడు. కొన్నిటికి తెలియదన్నాడు. అంత గట్టిగా వాదించిన ఫిట్టర్ మామ కడ్డీ చూడగానే కళ్లు మూసుకున్నాడు.

నాయన చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. ఎండ గల్లీ దాటిపోతుండగా బయటికొచ్చి టీకాలాయనను అడిగాడు.

“నన్ను మల్ల తీస్కపోరు గద?”

తీసుకుపోరని ఒక్క మాట అంటే ఆయన పని అయిపోయేది. కానీ ఆయన కడ్డీ పక్కన పెట్టి, నాయనను చూసి, అది తన చేతుల్లో లేదని, లేని భరోసా తాను ఇవ్వలేనని చెప్పాడు. తాను టీకాల మనిషిని మాత్రమేనని, ఈ ఇంట్లో చూసింది ఎక్కడా చెప్పనని అన్నాడు. నాయన చొక్కా చేయి పైకి మడిచి కూర్చున్నాడు. ఎందుకు వేయించుకున్నావని అమ్మ తర్వాత అడిగితే, అంతమందిలో ఆ మనిషి అబద్ధం చెప్పలేదన్నాడు. మళ్లీ తీసుకుపోతారేమోనన్న భయం నాయనకు చచ్చేదాకా పోలేదు. టీకాతో పోయే భయం కాదది.

తమ్ముడికి జ్వరం తగ్గాక తాతే ఎత్తుకుపోయి వేయించాడు. ఆ చలికాలం వెనక గల్లీలో తలుపులు తీయని ఇళ్లు కొన్ని ఉన్నాయి. వాటిలో ఏం జరిగిందో చెప్పడం నాకు ఇష్టం లేదు. మా తమ్ముడు బతికాడు. పెద్దయి రైల్వేలో చేరి, ఇప్పుడు నాకంటే ఎక్కువ మాట్లాడతాడు.

నాకిప్పుడు ఎనభై దాటాయి. సర్కారు దవాఖానకు పోవాలా వద్దా, సర్కారు ఇచ్చే మందులో ఏముందో అని మా ఇంట్లో నేటికీ గొడవే. మనవడు అంతా మోసం అంటాడు, కోడలు అంతా మంచికే అంటుంది. ఇద్దరూ కదలరు. నాకు చిరాకేసి, పోయి అడిగారా అంటాను. నమ్మకపోవడం తప్పని మా తాత ఎన్నడూ అనలేదు. ఆ నమ్మకపోవడాన్ని లోపల దాచుకోవద్దని, ఎదుట నిలబడి అడగమని ఆయన ఆ రోజు గల్లీలో చేసి చూపించాడు. నేను ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందు అడుగుతాను. తెలియదని ఒప్పుకునే డాక్టరు దొరికితే మళ్లీ ఆయన దగ్గరికే పోతాను.

అడగడం తాత నేర్పింది. భయం మాత్రం ఆ దూది గదిది, అది నాతోనే ఉంది. అమ్మ ఆ తర్వాత పుట్టిన ఏ బిడ్డనూ గట్టిగా హత్తుకోలేదు. నా పిల్లలను కూడా ఒంటికి దూరంగా, చేతుల మీద పరుచుకున్నట్టే ఎత్తుకునేది. నేనూ అంతే. ఇంట్లో పసిబిడ్డ ఉండి చప్పుడు లేకపోతే నాకు కాలు నిలవదు, ముక్కు దగ్గర వేలు పెట్టి చూడందే కూర్చోలేను. ఎవరో వచ్చారని, బిడ్డను ఊరుకోబెట్టమని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. వాకిట్లో ఎవరు నిలబడి ఉన్నా సరే, బిడ్డను ఏడవనివ్వండి అంటాను.