కొంగున కట్టిన తాళంచెవి

మా లాయరమ్మ పోయిందని సోమవారం పొద్దున ఆమె గుమాస్తా ఫోన్ చేసి చెప్పాడు. నేను అప్పుడు ఆవుకు మేత వేస్తున్నాను. "అప్పా, మేడమ్ నిద్రలోనే పోయిందప్పా. రేపు మదనపల్లెలో మట్టి" అన్నాడు. సరే అన్నాను. చేతిలో మేత పట్టుకుని అట్లాగే నిలబడితే, చూసి చూసి ఆవే వచ్చి లాక్కుని తినింది.

నాకు పొగడ్డం చేతకాదు. నా చదువు మూడో తరగతితోనే ఆగిపోయింది. ఈ నాలుగు మాటలు కూడబలుక్కుని రాయగలుగుతున్నానంటే అది కూడా ఆమె పెట్టిన భిక్షే. ఆమె నాకు చుట్టం కాదు. మా కులం కాదు, మా దేవుడు కాదు. ఆమె ఆదివారం చర్చికి పోయే మనిషి, నేను పుంగనూరు దగ్గర మెట్టపల్లెలో ఆవులు మేపుకునేవాణ్ణి. మా ఇద్దరినీ కలిపింది నేను చేసిన ఒక వెధవపని.

నాలుగేళ్ళ కిందటి మాట. కుప్పం ఇవతల శాంతిపురం పక్కన మా అత్తగారి ఊరు. పోయిన మా మామకు ఏటా చేసే పెద్దదినానికి నేనూ మా ఇంటామే నా వ్యానులో పోయాము. మాలో ఒక ఆచారముంది. పోయిన మనిషికి ఆకు వేసి, ఆయనకు ఇష్టమైనవన్నీ వడ్డిస్తారు. మా మామకు ఇష్టమైంది బ్రాందీ. ఆకు ముందు పెట్టిన సీసాను పెద్దల్లుడే ఖాళీ చెయ్యాలి, మిగిలిస్తే పెద్దలు అలుగుతారు. నేను పెద్దల్లుణ్ణి. మిగల్చలేదు. నాకు తెలిసినంతలో అది తాగడం కాదు, పెద్దల ప్రసాదం.

సాయంత్రం నాలుగింటికి, ఇంకాసేపట్లో ఇల్లు చేరతామనగా, రోడ్డు మీద పోలీసులు బండి ఆపారు. ఊదమన్నారు. "నలభై ఏండ్లుగా బండి తోలతాండా. నన్ను ఊదమంటావా?" అని మీసం దువ్వాను. ఊదించారు. మిషను నుంచి చీటీ వచ్చింది. సంతకం పెట్టమంటే కోపంతో పెట్టలేదు. లైసెన్సు తీసుకున్నారు, బండి తోలనివ్వలేదు. తెలిసిన డ్రైవరు వచ్చేదాకా మా ఇంటామె కాలికి కట్టుతోనే రోడ్డు పక్కన రాతి మీద కూర్చుంది. షుగరు పుండు అది. వారానికి రెండుసార్లు మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయి కట్టు మార్పించాలి. తీసుకుపోయేది నేనే, నా బండిలోనే. లైసెన్సు పోతే ఆ కాలు ఏమవుతుందో అని నాకు అప్పుడు తట్టలేదు. పరువు పోయిందని మాత్రం తట్టింది.

కేసు పుంగనూరు కోర్టులో పడింది. ఎవరో చెబితే లాయరమ్మ దగ్గరికి పోయాను. మదనపల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే మనిషి. నల్లకోటు మోచేతి దగ్గర చినిగితే కుట్టుకుని ఉంది. కోటు జేబులో ఉడకబెట్టిన చెనిక్కాయలు. కాయ ఒలుస్తానే మాట్లాడుతుంది, తొక్కలు మాత్రం ఒక్కటీ కింద పడనివ్వదు.

"ఎవురికి సెప్పాల్నో సెప్పి ఈ కేసు తెంపెయ్ అమ్మా" అన్నాను.

ఆమె తలుపు వైపు చెయ్యి చూపించింది. "తెంపేవాళ్ళు బయట శానామంది ఉండారప్పా. నేను కేసు సదివేదాన్ని. కూసుంటావా, పోతావా?"

కూర్చున్నాను.

"ఏమి తాగినావు? ఎంత? ఏ గంటకి?"

"నేను తాగలేదమ్మా. పెద్దలు తాగినారు."

అని ఆచారమంతా చెప్పాను. సాక్ష్యానికి మా బావమరిదిని కూడా తీసుకొస్తానన్నాను. ఆమె నవ్వలేదు, అదీ ఆమె గొప్పతనం. చెనిక్కాయ ఒలిచి నా చేతిలో పెట్టింది. "మా గుళ్ళో కూడా ద్రాక్షరసం ఇస్తారప్పా. అంత సిన్న గిన్నెలో, గొంతు కూడా తడవదు. మీ మామది పెద్ద గొంతు మాదిరుండాదే" అంది. తరువాత మెల్లగా అంది: "మిషనుకు పెద్దలు తెలీదు. ఊదింది నువ్వు."

ఆ మాట నాకు కాలింది. లేచిపోదామనుకున్నాను. కానీ ఆమె కాగితాలు నా ముందు పెట్టి చదవమంది. నాకు రాదన్నాను. "వచ్చినంత సదువు. సదవకుండా సంతకం పెట్టేవాడూ, తాగి బండి తోలేవాడూ ఒకటే. ఇద్దరికీ ముందర ఏముండాదో కనపడదు" అంది. ఒక్కో అక్షరం వేలు పెట్టి చదివించింది. గంట పట్టింది. బయట ఇంకో ముగ్గురు కాచుకుని ఉన్నారు. ఆమె తొందరపడలేదు.

అప్పుడు చట్టం చెప్పింది. నూరు మిల్లీలీటర్ల రక్తంలో ముప్పై మిల్లీగ్రాములు దాటితే నేరం. నాది దానికి రెండింతల పైన. మొదటిసారి కాబట్టి ఆరు నెలల దాకా జైలైనా వెయ్యచ్చు, పదివేల దాకా జరిమానా అయినా వెయ్యచ్చు, రెండూ వెయ్యచ్చు. లైసెన్సు కొన్నాళ్ళు ఆపెయ్యచ్చు. రెండోసారి దొరికితే జైలు రెండేళ్ళ దాకా పోతుంది.

"ఇంకొకటి కూడా సెప్పాల. ఈ చీటీ మింద నీ సంతకం లేదు. ఇది నీదేనని వాళ్ళు రుజువు చెయ్యాల. నువ్వు వాదించమంటే దీని మింద వాదిస్తా, అది నా పని. గెలుస్తామని సెప్పను, ఓడతామనీ సెప్పను. ఒప్పుకుంటానంటే తగ్గించమని అడుగుతా. ఏది సేసేదీ నువ్వే సెప్పల్ల."

నా కోపమే నన్ను కాపాడుతుందని తెలిసి మీసం మళ్ళీ లేచింది. "వాదించు" అన్నాను.

"సరే. బండిలో నీతో ఎవురుండారు?"

"మా ఇంటామె."

ఆమె చేతిలో చెనిక్కాయ ఆగింది. "ఒకసారి ఆయమ్మను పిల్చుకోని రా" అంది.

మరుసటి వారం కట్టు మార్పించడానికి బస్సులో పోయేటప్పుడు ఇంటామెను తీసుకుపోయాను. లాయరమ్మ ఆమెను తన కుర్చీలో కూర్చోబెట్టి తాను స్టూలు మీద కూర్చుంది. కాలు ఎట్లుందని అడిగింది. తరువాత, "ఆ పొద్దు బండిలో భయపడినావామ్మా?" అంది.

మా ఇంటామె నా వైపు చూసి తల దించుకుంది. "తలుపు పిడి పట్టుకోనుంటినమ్మా. శాంతిపురం కాడ పట్టుకుంటి. పోలీసులు ఆపినాకే ఇడిసినా. రెండు దినాలు చెయ్యి ముడుసుకోలేదు."

"యాల సెప్పలేదే నాకు?" అన్నాను.

"సెప్తే ఇంటావా నువ్వు? పెద్దల్లుడివి."

పెళ్ళై యాభై ఏళ్ళకు దగ్గరవుతోంది. పక్కన కూర్చున్న మనిషి చెయ్యి ఎట్లుందో నేను చూడలేదు. లాయరమ్మ చెనిక్కాయల పొట్లం ఇద్దరి మధ్యకీ జరిపింది. "మీ ఇంటికి పోయి మాట్లాడుకోండి. వాయిదాకి ఇంకా దినాలుండాయి" అంది.

వాయిదా నాడు పొద్దున్నే ఆమెతో చెప్పాను, ఒప్పుకుంటానని. "నా కోసరం ఒప్పుకోవద్దు. ఆయమ్మ కోసరం కూడా వద్దు. చేసింటేనే ఒప్పుకో" అంది. ఇంకొక మాట కూడా అంది: "మీసం కోర్టు బయటనే ఇడిసి రాప్పా. వచ్చేటప్పుడు తీసుకుందువులే."

జడ్జిగారు అడిగారు. "తాగినాను సామీ. ఊదింది నేనే" అన్నాను. అంతే. ఆ తరువాత లాయరమ్మ మాట్లాడింది. గొంతు పెంచలేదు. ఇన్నేళ్ళలో ఇదే మొదటి కేసు, ఎవరికీ దెబ్బ తగల్లేదు, అడిగీ అడక్కముందే ఒప్పుకున్నాడు, భార్య కాలికి వైద్యం జరుగుతోంది అని ఆసుపత్రి కాగితాలు వరసగా పెట్టింది. జైలు వెయ్యలేదు. జరిమానా వేసి, లైసెన్సు మూడు నెలలు ఆపారు.

ఆ మూడు నెలలు బస్సులోనే పోయి వచ్చాము. కుంటుతా ఎక్కే మనిషిని వెనక నుంచి పట్టుకుంటే, నేను చేసిన పని బరువెంతో ప్రతి మెట్టు దగ్గరా తెలిసేది. కోర్టు లేని దినం లాయరమ్మ ఆసుపత్రికి వచ్చేది. నర్సమ్మలంతా ఆమెకు తెలిసినవాళ్ళే. కట్టు విప్పేటప్పుడు మా ఇంటామె చెయ్యి పట్టుకుని ఏదో ఊరి కబురు చెప్పేది. నాతో మాత్రం, "ఆ గోడ మింద రాసింది సదువు" అనేది. మందుల పట్టీలు, బస్సు బోర్డులు, అన్నీ చదివించింది. తప్పు చదివితే, "ఇంకొక తూరి" అనేదే కానీ విసుక్కోలేదు.

లైసెన్సు తిరిగొచ్చిన వారానికి చూపిద్దామని ఇంటామెతో బండిలోనే పోయాను. ఆమె నన్ను అడగలేదు. మా ఇంటామెను అడిగింది: "ఇప్పుడెట్ల తోలతాండాడమ్మా?"

"ఎద్దులబండి మాదిరి తోలతాండాడమ్మా. సైకిళ్ళు కూడా దాటిపోతాండాయి."

ఆ పొద్దు లాయరమ్మ నవ్వింది. నవ్వితే కళ్ళద్దాలు ముక్కు మీదికి జారేవి. అప్పుడే నా చేతిలో తాళంచెవి తీసుకుని మా ఇంటామె కొంగుకు ముడివేసింది. "మీ ఆచారం మాననక్కర లేదప్పా. సీసా మూత తీసేముందు తాళం ఈడ కట్టు. పెద్దలు అలిగితే నా పేరు సెప్పు" అంది.

అప్పటి నుంచి ప్రతి ఏడూ అట్లాగే చేశాము. పెద్దదినం నాడు తాళం కొంగున కడతాను, రాత్రికి అక్కడే పడుకుని మరుసటి పొద్దున బయలుదేరతాము. బావమరుదులు ఎగతాళి చేశారు. "బావా, అక్కకు లైసెన్సు వచ్చిండాదే" అన్నారు. అననీ. మా మామ మాత్రం ఇంతవరకూ అలగలేదు.

మంగళవారం మదనపల్లెకు పోయాము. చర్చి నిండా జనం. ప్లీడర్లు, నర్సమ్మలు, నాలాంటి కేసులవాళ్ళు. పాటలు నాకు తెలియవు, పుస్తకం ఇస్తే వేలు పెట్టి చదువుతా వెనకపడ్డాను. పెట్టెలో ఆమె మోచేతి దగ్గర కుట్టిన కోటుతోనే ఉంది. వాళ్ళలో ఆకు వెయ్యరు, వడ్డించరు. గుప్పెడు మట్టి వేసి వచ్చాము. బస్టాండు దగ్గర మా ఇంటామె బండి ఆపమంది. తోపుడుబండి మీద ఉడకబెట్టిన చెనిక్కాయలు కొనుక్కుంది.

పుంగనూరు రోడ్డెక్కాక నేను పక్కకు చూశాను. ఇప్పుడు చూస్తుంటాను. చెనిక్కాయల పొట్లం ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో ఒలుస్తా ఉంది. నాకొకటి ఇచ్చింది, తానొకటి తినింది. తొక్కలు ఒక్కటీ కింద పడనివ్వకుండా కొంగులో వేసుకుంటా ఉంది.