మావగారి పుస్తకంలో నేను చేర్చిన అధ్యాయం

నౌపడ ఉప్పు మడుల్లో బతుకంతా గడిపిన మా మావగారు తన జ్ఞాపకాలు చెబుతుంటే, నేను కంప్యూటర్లో టైపు చేస్తున్నాను. తర్వాత దిద్దాల్సిన చోట్ల నాకోసం రాసుకున్న మాటల్ని కూడా, కంటికి ఆనాలని, అధ్యాయాల పేర్లలాగే హెడింగ్ స్టైల్లో పెట్టుకున్నాను. ఆ హెడింగులన్నీ ఏరి విషయసూచికను కంప్యూటరే తయారుచేస్తుందని ఈ రోజే తెలిసింది. ఇంకేముంది, ఒక్క మీట నొక్కి, చదవకుండానే పుస్తకమంతా ప్రింటు తీసి గర్వంగా ఆయన చేతిలో పెట్టాను.

ఆయన కళ్లజోడు సర్దుకుని విషయసూచిక పైకి చదివారు.

"'ఇక్కడ మావ కోతలు ఎక్కువయ్యాయి, తగ్గించాలి'... పన్నెండో పేజీ. ఏటల్లుడూ, ఈ పాఠం నానెప్పుడు సెప్పినాను?"

నేను నోరు తెరిచేలోపే ఆయన పన్నెండో పేజీ తీసేశారు. నంబరు మాత్రం సరిగ్గానే ఉంది.

ఈ పూట నాకెవరైనా భోజనం పెడతారా?