క్రేన్ బావ మాత్రలు

మా పక్క వాటాలో ఉండే ఆయన పోర్టులో క్రేన్ నడిపేవాడు. అందరినీ బావా అని పిలిచేవాడు కాబట్టి నా డైరీలో ఆయన ఎప్పుడూ క్రేన్ బావే. చొక్కా జేబులో మాత్రల అట్టలు గరగరమంటుండేవి. ఎవరు తల పట్టుకున్నా వక్కపలుకు ఇచ్చినంత తేలిగ్గా ఒక మాత్ర తీసి ఇచ్చేవాడు.

ఒకసారి ఆయనకే పన్ను నొప్పి వచ్చింది. సెలవు పెట్టకుండా రెండు రోజులు మాత్రలతోనే నెట్టుకొచ్చాడు. జ్వరానిది, జలుబుది, ఒళ్లు నొప్పులది, ఏది దొరికితే అది వేసుకున్నాడు.

"ఒకే మాత్ర ఎక్కువేసుకుంటే తప్పు గానీ, మార్సి మార్సి ఏసుకుంటే తప్పేటి బావా?" అన్నాడు నాతో.

మర్నాడు వికారమంటూ అన్నం ముందు నుంచి లేచిపోయాడు. భార్యకు అనుమానం వచ్చి, నన్ను తోడు తీసుకుని ఆయన్ని ఆస్పత్రికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ ఖాళీ అట్టలు తిప్పి చూసింది. మూడింట్లోనూ ఉన్నది పారాసిటమాలే.

"లివర్ దెబ్బతింటున్నా మొదట్లో పెద్దగా తెలియదు. విరుగుడు ఇప్పుడే ఎక్కించాలి," అంది.

"నొప్పి తగ్గిపోనాది గదమ్మా! నాను డ్యూటీకెల్లాల," అంటూ ఆయన మంచం దిగబోయాడు.

భార్య వంగి ఆయన చెప్పులు తీసి సంచిలో వేసుకుంది.

"అదేటే?"

"ఎల్లు. ఉత్త కాళ్లతో క్రేనెక్కు, సూత్తాను."

నర్సు నవ్వు ఆపుకుంటూ సెలైన్ సూది గుచ్చింది. లివర్‌కు గండం తప్పిందని డాక్టరమ్మ చెప్పేదాకా ఆ సంచి ఆవిడ ఒళ్లోనే ఉంది.