ముడి విప్పని మూట

మొన్న పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే అట్ట ఊడిన డిటెక్టివ్ నవల ఒకటి బయటపడింది. మనవరాలు చూసి నవ్వింది; నాకు నవ్వు రాలేదు.

మా నాందేడ్‌లో బడి చదువంతా మరాఠీలోనే సాగింది కనుక, నాకు తెలుగు నేర్పింది నిజామాబాద్ నుంచి వచ్చే ఇలాంటి పుస్తకాలే. అమ్మలోని ‘అ’ కన్నా ముందు హత్యలోని ‘హ’ దిద్దుకున్నవాణ్ని.

డెబ్బైలలో అన్న కామెర్లతో పోయేనాటికి నాకు ఇరవై ఏళ్లు, జిన్నింగు మిల్లులో గుమాస్తాను. దూదినీ గింజనూ వేరుచేసే చోట పని కదా, మనుషుల్లో మంచినీ చెడునూ కూడా ఏరగలనని ఒక ధీమా.

మూడోనాడు అస్థులు ఏరి తెచ్చి, కొత్త కుండలో పెట్టి, తెల్లగుడ్డతో మూటగట్టి పెరట్లో వేపకొమ్మకు వేలాడదీశాం. గోదావరిలో కలిపేదాకా ఆ ముడి ఎవరూ విప్పరాదు, ఆడవాళ్లు తాకనే రాదు. ఆ సాయంత్రమే వదిన తమ్ముడు తమ ఊరు ఇస్లాపూర్ వెళ్లిపోయాడు. తెల్లారి చూస్తే, అన్న పోయాక కూడా నాన్న రోజూ కీ ఇస్తూ వచ్చిన అన్న చేతిగడియారం గూట్లో లేదు.

సరిగ్గా అప్పుడే నేను చాటుగా ఈ నవల చదువుతున్నాను. అందులోనూ కొడుకు పోయిన ఇల్లే, అందులోనూ దొంగతనమే. దొంగ కోడలి తమ్ముడు. ఇక నాకు పరిశోధన ఎందుకు? అయినా బియ్యం గుమ్మి నుంచి వదిన పెట్టె దాకా వెతికాను, చెట్టుకున్న మూట తప్ప.

పదోనాడు ఆ మూటను నేనే మోసి, మెడలోతు నీళ్లలో నిలబడి వదిలాను. కాస్త బరువనిపించింది, అన్న బరువే అనుకున్నాను. ఇంటికొచ్చి, పదోదినానికని తిరిగొచ్చిన వదిన తమ్ముణ్ణి చుట్టాలందరి ముందూ, ఆ నవల చూపించి మరీ దొంగ అన్నాను.

“పుస్తకంల ఉన్నదని నా తమ్ముణ్ణి దొంగను జేస్తివా తమ్మీ? నా కొంగు సుత ఇప్పి సూడు” అంది వదిన. తమ్ముడి వెంట అప్పుడే గడప దాటింది, మళ్లీ రాలేదు. అమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడింది; పెదవులు కదిలాయి, మాట రాలేదు.

ఆ మాట పదకొండేళ్ల తర్వాత, అమ్మ మంచాన పడ్డాక వచ్చింది. “వాడు పోయినంక సుత అది టిక్కుటిక్కుమంటుంటె నాతోని కాలె కొడుకా. వాని మూటలనే పెట్టి కట్టిన. ముట్టిననంటె మీ నాయిన సంపుతడని నోరు తెర్వలె.”

మర్నాడే ఇస్లాపూర్ పోయాను. వదిన పోయి రెండేళ్లయిందట. ఆమె తమ్ముడు చెంబుతో నీళ్లిచ్చి, నా ముఖంకేసి చూశాడు.

“దొర్కెనా బావా? గడియారం దొర్కిందని కబురొస్తదని అక్క ఆఖరుదాంక సూసింది.”

నీళ్లు తాగకుండానే చెంబు అరుగు మీద పెట్టాను.

ఇప్పుడు మా ఇంట్లో గోడమీదా, ఫోన్లలోనూ అన్నీ గడియారాలే, ఒక్కటీ చప్పుడు చేయదు. మూటలు చెట్టుకు కట్టి పదోనాటిదాకా ఆగేవాళ్లూ తగ్గిపోయారు. గోదావరి వంతెన మీద బస్సు నెమ్మదిస్తే మాత్రం, ఎవరూ కీ ఇవ్వని ఆ గడియారం కోసం ఇప్పటికీ చెవి పెడతాను. వదినకు పంపాల్సిన కబురు నా దగ్గరే ఉండిపోయింది.