తారుతో కలిపిన మెలిక

మొహమాటానికి పోతే కడుపయిందని ఓ మోటు సామెత ఉంది. ఈ పరాయి దేశంలో, ఆడమ్స్‌టౌన్‌లో మా పై ఫ్లాట్ జర్మన్ ఆర్టిస్టు విషయంలో నాకు అచ్చంగా అదే అయింది.

మా అమ్మ ఇక్కడున్నన్నాళ్ళూ వానే. వాకిట్లో ముగ్గు నిలిస్తేగా! "ఇదేం దేశమే, సూర్యుడికి కూడా జలుబు చేస్తుంది" అని తిట్టుకుంటూ ఓ పెద్ద నల్ల అట్ట మీద తడి బియ్యప్పిండితో మెలికల ముగ్గు వేసి, గుమ్మం లోపల ఆనించింది. చివరి మెలిక మాత్రం కలపలేదు. "అది నువ్వు కలుపు. ఎప్పుడూ చూసి మురవడమే గానీ చెయ్యి పెట్టవు కదా" అంది. రేపూ మాపూ అన్నాను. అమ్మ ఊరెళ్ళింది, అక్కడే పోయింది. ఆ తర్వాత ఆ జానెడు ఖాళీ ముట్టుకోబుద్ధి కాలేదు. కలిపేస్తే అమ్మతో పనైపోయినట్టే అనిపించేది.

ఓ రోజు జర్మనావిడ టీకొచ్చి, దాన్ని చూసి కళ్ళింతలు చేసుకుంది. కొన్నాళ్ళు తన దగ్గర పెట్టుకోవచ్చా అని అడిగింది. ఇంటికొచ్చిన మనిషిని కాదంటామా? "దాందేముందండీ, మీదే అనుకోండి" అన్నాను. మనవాళ్ళెవరైనా నిజంగా అలా అనేసుకుంటారా?

ఈవిడ అనేసుకుంది. దగ్గర్లోని టాలట్ అనే ఊళ్ళో ఎగ్జిబిషన్ పెట్టానని పిలిస్తే, మా అమ్మాయిని వెంటేసుకుని వెళ్ళాను. గోడ మీద మా అమ్మ అట్ట! సగం చుక్కలు బ్లేడుతో గీకేసింది. మిగతా చోట బూడిద, ఇసుక, చింపి అతికించిన న్యూస్‌పేపర్ ముక్కలు. పక్కన చీటీలో ఆవిడ పేరు, కింద "దొరికిన అట్ట మీద బియ్యప్పిండి, బూడిద, తారు" అని.

దొరికిందా? లిఫీ నదిలో కొట్టుకొచ్చిందా తల్లీ? అరికాలి మంట నెత్తికెక్కింది. "మామ్, ప్లీజ్, అందరూ చూస్తున్నారు" అని మా పిల్ల చెయ్యి లాగుతోంది. "చూడనీ!" అన్నాను.

అప్పుడు కనిపించింది, కింది మూల. చివరి మెలిక, లావుపాటి తారుగీతతో కలిపేసి ఉంది.

"ఇదెవరు చేశారు?"

"నేనే. అసంపూర్తిగా ఉంది కదా" అంది ఆవిడ, గర్వంగా.

ఆ ముగ్గెవరిదో, ఆ మెలిక ఎవరి కోసం వదిలిందో అక్కడే అరిచి చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది. "సారీ, నాకు తెలీదు. షో అయ్యాక ఇంటికి తీసుకెళ్ళిపోండి" అంది.

తీసుకెళ్ళి ఏం చేసుకోను? దాని మొహం మండ, కలపడానికి నాకేం మిగిల్చింది గనక!