ఏమిటి ఒడ్డున మేకపిల్ల

తొంభైల్లో భిలాయి ఉక్కు ఫ్యాక్టరీ కాలనీలో మా సెక్టారు తెలుగువాళ్లకి ఉన్నట్టుండి ఒక బెంగ పట్టుకుంది, పిల్లలు తెలుగు చదవడం లేదని. తెలుగు మాట్లాడ్డం కూడా లేదన్నది అప్పటికింకా ఎవరి దృష్టికీ రాలేదు. మా పక్క క్వార్టరాయన ఈ విషయం మీద మా ఆయన దగ్గర అరగంట ఆవేశపడ్డాడు, హిందీలో.

సరే, ఆదివారం పొద్దున్న పిల్లల చేత చదివించే తరగతి పెట్టాం. క్యాంప్ టూ బస్తీ నుంచి కూడా తండ్రులు సైకిళ్ల మీద పిల్లల్ని తెచ్చి దించేవారు. నడిపేది కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఒక ఆఫీసరుగారి భార్య. స్వచ్ఛందంగా వచ్చారు, స్వచ్ఛమైన భాష కూడా వెంట తెచ్చారు. మేమంతా శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లం. మేం మాట్లాడుతుంటే ఆవిడ చెవులు మూసుకోలేదంటే అది మర్యాద వల్లే.

మొదటి రోజే మా అమ్మాయి ఏదో వినబడక "ఏటి ఆంటీ?" అంది.

"ఏటి కాదమ్మా. ఏమిటి అనాలి. ఏటి అంటే తప్పు."

నెల్లాళ్లు అదే దిద్దుబాటు. పైగా తల్లిదండ్రులు బయటే ఉండాలన్నారు. మేం లోపలుంటే పిల్లల ఉచ్చారణ చెడుతుందట. వరండాలో కూచుని మా ఉచ్చారణతో ఒకళ్లనొకళ్లం పాడుచేసుకునేవాళ్లం.

ఒక ఆదివారం కిటికీలోంచి మా పిల్ల గొంతు వినబడింది. పాఠంలో ఉన్నది "ఏటి ఒడ్డున మేకపిల్ల నిలబడింది" అని. పిల్ల ఆగింది. అచ్చుతప్పనుకుని, బుద్ధిగా దిద్ది మరీ చదివింది: "ఏమిటి ఒడ్డున మేకపిల్ల నిలబడింది."

ముందు ఆవిడ నవ్వారు. ఏరంటే ఏమిటో తెలీని పిల్లలు కూడా ఆవిణ్ణి చూసి నవ్వారు.

ఇంటికొచ్చాక మా అమ్మాయి పుస్తకం నా ఒళ్లో పడేసింది. "ముఝే నహీ పఢ్నా, నేను చదవను. తెలుగుతో నాకు కట్టీ, మాటల్లేవ్. ఏటి అంటే తప్పంటారు, అనకపోతే నవ్వుతారు."

వాదనలో నా ముందు నిలబడ్డవాళ్లు లేరు. ఈసారి మాత్రం పుస్తకం తీసి అలమరాలో పెట్టాను. ఇక తెలుగు పుస్తకం ముట్టనంది. అలా అన్నాక జన్మలో ముట్టదని నాకు తెలుసు, నా కూతురు కదా.

మర్నాడే ఆవిడ ఇంటికి వెళ్లాను. "వచ్చే ఆదివారం నుంచి అమ్మానాన్నలు లోపలే కూచుంటారండీ, ఎవరి పిల్లల పక్కన వాళ్లు. కలిసి చదివి, వాళ్లింటి మాటల్లోనే కబుర్లు చెప్పుకుంటారు."

"మరి భాష పాడైపోదూ?"

"పాడవ్వాలంటే ముందు రావాలి కదండీ."

కాఫీ తాగుతారా అన్నారావిడ, ఇక లేవండి అన్న గొంతుతో.

అయినా ఆదివారం అందర్నీ లోపలికే రమ్మన్నారు. మా ఆయన నైట్ షిఫ్టు నుంచి తిన్నగా తరగతికే వచ్చారు. పిల్ల కూడా వచ్చింది, నాన్న చదివితే తను వింటుందన్న షరతు మీద. ఆయన చదువుతూ మేకపిల్లని నీళ్లలోకి దించారు, అంతే, కూచున్నచోటే నిద్రపోయారు.

"ఫిర్ ఏటైంది నాన్నా?"

ఆయన గురక పెట్టారు.

పిల్ల చుట్టూ చూసింది. ఎవరి గోలలో వాళ్లున్నారు. మెల్లిగా ఆయన చేతిలోంచి పుస్తకం లాక్కుని తనే మొదలెట్టింది. ఒత్తు దగ్గర తడబడితే ఆవిడ నోరు తెరవబోయారు. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ వెళ్లి కిటికీ తెర సర్దారు.

మేకపిల్ల అవతలి గట్టెక్కేదాకా నా కూతురు ఆపలేదు. ఎక్కాక తండ్రిని తట్టి లేపింది.

"దాటీసింది నాన్నా."