ఆరు దాటాకే సముద్రం

పోర్చుగల్ దక్షిణ తీరంలో మేం గడపబోయే ఎనిమిది రోజులకూ అక్క వేసిన ప్లాను ఒక కాగితం మీద పట్టికలా ఉంది. గళ్ళకు రంగులు కూడా వేసింది. జనవరి నెల, ఆదివారం మధ్యాహ్నం. డబ్లిన్ శివార్లలో, క్లోనీలో అక్క వాళ్ళ వంటగదిలో కూర్చున్నాం. బయట వాన ఏటవాలుగా కొడుతోంది.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. మేం ఐర్లండ్ వచ్చిన కొత్తలో అద్దెకు ఇల్లు దొరక్క తిరుగుతుంటే తన ఇంట్లో మూడు వారాలు పెట్టుకున్న మనిషి. నా కూతుర్ని స్కూల్లో చేర్పించింది. నాకు ఖాళీ కార్ పార్కుల్లో డ్రైవింగ్ నేర్పించింది. బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మాకు ఇల్లు కుదిరాక కూడా ఆదివారాలు వాళ్ళింట్లోనే. ఈ ఎనిమిదేళ్ళలో ఆవిడ మాటకు నేను ఎదురు చెప్పింది లేదు. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ తర్వాత నాకొచ్చిన కోపం పరాయి మనిషి మీద వచ్చిన కోపం కాదు.

ప్లాను చదివాను. మొదటి రోజు షాపింగ్ సెంటర్. రెండో రోజు అక్వేరియం, ఆ పైన ఇండియన్ రెస్టారెంట్‌లో భోజనం. మూడో రోజు పింగాణీ పలకల మ్యూజియం. నాలుగో రోజు ఇంకో ఊళ్ళో ఇంకో షాపింగ్ సెంటర్. ప్రతి రోజూ చివరి గడిలో మాత్రం ఒకటే మాట: బీచ్, ఆరు నుంచి ఏడున్నర.

"అక్కా, మనం పోయేది బీచ్‌కే కదా? పొద్దున పూట ఒక్క రోజు కూడా పెట్టలేదేంటి?" అన్నాను.

"జూన్‌లో అక్కడి ఎండ మాడ్చేస్తుందమ్మా. ఆరు దాటాక హాయిగా ఉంటుంది."

"ఆ ఎండ కోసమేగా అంత దూరం పోయేది."

"ఎండ చూడ్డానికి. ఒంటి మీద వేసుకోడానికి కాదు," అని నవ్వింది అక్క. "మా దానికి సెప్టెంబర్‌లో సంబంధం వాళ్ళొస్తున్నారు. జూన్‌లో నల్లబడిందంటే మళ్ళీ ఆ నలుపు వదలడానికి ఆర్నెల్లు పడుతుంది."

'మా దాని'కి, అంటే అక్క కూతురికి, ఇరవై నాలుగేళ్ళు. కార్క్‌లో ఉద్యోగం. ఆ పూట అక్కడ లేదు. నా కూతురు ఉంది. దానికి పదమూడు. బల్ల చివర కూర్చుని మిరపకాయ బజ్జీలో మిరపకాయ తీసేసి పిండి తింటోంది. అక్క దాని గడ్డం పట్టుకుని ముఖం వెలుతురు వైపు తిప్పింది.

"ఇక దీని సంగతి చెప్పేదేముంది. వాళ్ళ నాన్న రంగు రావాల్సింది, నీ రంగొచ్చి కూర్చుంది. ఉన్నదైనా కాపాడుకోవద్దా తల్లీ?"

అక్క భర్త నవ్వాడు. నా భర్త నవ్వాడు. నేనూ నవ్వాను. ముద్దుగానే అంది, గడ్డం పట్టుకుని. ఆ పట్టుకోవడంలో ప్రేమ లేదని నేను ఇప్పటికీ అనలేను. కానీ నవ్వాను చూడండి, అది తలచుకుంటే ఈ రోజుకీ నా దవడలు బిగుసుకుపోతాయి.

నా కూతురికి తెలుగు అంతా అర్థమవుతుంది. జవాబు మాత్రం ఇంగ్లీషులో, ఇక్కడి పిల్లల యాసలో ఇస్తుంది. తిరిగొస్తుంటే కారులో వెనక సీట్లోంచి అడిగింది.

"మామ్, వాట్ డిడ్ షీ మీన్, 'ఉన్నదైనా'?"

నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. "ఏం లేదు నాన్నా, ఆంటీ జోక్ చేసింది."

"ఇట్ వాజంట్ ఫన్నీ," అంది.

ఇంటికి వచ్చాక నేను ఆయనతో అన్నాను. "మీరైనా ఏదో ఒకటి అనాల్సింది."

"ఆవిడ మాటే అంత. మనసులో ఏమీ ఉండదు. అయినా మిట్ట మధ్యాహ్నం ఎండలో తిరగొద్దని డాక్టర్లు కూడా చెబుతారు కదా."

డాక్టర్లు! నాకు ఒళ్ళు మండిపోయింది. డాక్టరు ఈ పిల్లకి చెప్పింది వేరు. అంతకుముందు చలికాలం పిల్ల ఊరికే అలసిపోతోందని మా ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, రక్తం పరీక్ష చేయించి, విటమిన్ డి బాగా తక్కువగా ఉందని మాత్రలు రాసింది. "మీలాంటి ఒంటి రంగుకి ఈ దేశపు ఎండ చాలదు, సెలవులకి ఎండ ఉన్న చోటికి తీసుకెళ్ళండి," అని కూడా చెప్పింది. ఈ హాలిడే ఆలోచన పుట్టిందే అక్కడ. రోజూ పొద్దున్నే ఎండని మాత్రలుగా మింగే పిల్లని ఎండ ఉన్న దేశానికి తీసుకెళ్ళి, పొద్దు వాలేదాకా షాపింగ్ సెంటర్‌లో దాచిపెట్టాలట. ఆ మాట ఆయనతో అన్నాను. "నువ్వు ప్రతిదీ పెద్దది చేస్తావు," అని ఫోన్ తీసుకుని సోఫాలో వాలిపోయాడు. పచ్చటి ఒళ్ళున్న మనిషికి ఇది చిన్న విషయం కాక మరేమవుతుంది?

నాకు ఇది చిన్నది కాదు. నేను పుట్టి పెరిగింది సముద్రానికి ఆటోలో అరగంట దూరంలో. పెళ్ళయ్యేదాకా ఆ సముద్రంలో మునిగింది సరిగ్గా రెండుసార్లు. రెండూ కార్తీక పౌర్ణమి స్నానాలే. చీకటితో బయలుదేరి, మూడు మునకలు వేసి, ఎండ ముదరకముందే ఇంటికి లాక్కొచ్చేసేవాళ్ళు. స్కూల్లో పరుగు పందేల్లో నేను ముందుండేదాన్ని. తొమ్మిదో తరగతిలో మానిపించారు. మా అమ్మ పీటీ మాస్టారుకి చెప్పిన కారణం నా చదువు. పక్కింటావిడకి చెప్పిన కారణం వేరు. "ఇప్పటికే ఇలా ఉంది, ఇంకా గ్రౌండ్లో కాల్చుకుంటే దీన్నెవరు చేసుకుంటారు?" గోడ ఇవతల నిలబడి విన్నాను. అప్పుడు నాకు మా అమ్మ మీద కోపం రాలేదు. నా చేతుల మీద వచ్చింది. ముప్ఫై ఏళ్ళ నాటి ఆ మాటని డబ్లిన్ వాన మధ్య, బజ్జీల వాసన మధ్య నా కూతురు మళ్ళీ వింటుందని నేననుకోలేదు.

నా కూతురు తనకంటూ ఒక ప్లాను రాసుకుంది. క్రిస్మస్ సెలవుల్లోనే, స్కూల్ నోట్‌బుక్ వెనక పేజీల్లో. అక్కడి తీరంలో రాతి గుహలుంటాయట. చిన్న పడవలో తెడ్డు వేసుకుంటూ వాటి లోపలికి వెళ్ళాలి. సర్ఫింగ్ పాఠం ఒకటి. నీళ్ళలో ముఖం ముంచి చేపల్ని చూడాలి. జెట్టీ చివరి నుంచి దూకాలి. దానికి ఈత బాగా వచ్చు. స్విమ్మింగ్ క్లబ్‌లో మూడేళ్ళుగా వారానికి రెండు రోజులు వెళ్తోంది. నాకు మునగడమే వచ్చు. అందుకే ఆ జాబితా చదివినప్పుడల్లా నాకు నేనే దూకబోతున్నంత సంబరంగా ఉండేది.

క్లోనీ వెళ్ళొచ్చిన రెండు వారాలకి, ఆ పుస్తకం బల్ల మీద తెరిచి ఉంటే చూశాను. సర్ఫింగ్ కొట్టేసి ఉంది. గుహలు కొట్టేసి ఉన్నాయి. కింద కొత్తగా, అదే గుండ్రటి చేతిరాతలో, 'అక్వేరియం, ఇన్‌డోర్ పూల్' అని ఉంది.

అది ఒక్కటే అయితే ఏమయ్యేదో. ఆ వారంలోనే ఒక పొద్దున స్కూలుకి బయలుదేరుతూ వంగి బూట్లు వేసుకుంటుంటే దాని ముఖం నుంచి వాసన వచ్చింది. ఆ వాసన నాకు తెలుసు. నాకు బాగా తెలుసు. మేడ మీద బాత్రూమ్ అలమరలో, తువ్వాళ్ళ వెనక నేను దాచుకునే తెల్లబడే క్రీమ్ అది. ఇండియా వెళ్ళినప్పుడల్లా నాలుగు ట్యూబులు తెచ్చుకుంటాను. నలభై రెండేళ్ళు నాకు. కోడ్ పరీక్షించే టీముకి లీడ్‌ని. రోజూ రాత్రి తలుపు వేసుకుని ముఖానికి అది రుద్దుకుంటాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

"అదెందుకు రాసుకున్నావు?" అన్నాను. గొంతు పెద్దదే అయింది.

"యూ యూజ్ ఇట్."

"నేను వేరు."

"హౌ?"

అది నా ముఖం చూస్తూ నిలబడింది. తనే చెప్పింది, ఇంగ్లీషులోనే, గబగబా. స్కూల్లో అమ్మాయిలు శుక్రవారం పార్టీలకి గోధుమ రంగు లోషన్ పూసుకుని వస్తారట. దీని చెయ్యి పక్కన వాళ్ళ చెయ్యి పెట్టి, "నీకెంత అదృష్టమో, నీకు పూసుకునే పనే లేదు," అంటారట. ఆంటీ ఏమో ఉన్నది కాపాడుకోమంటుంది. అమ్మ ఏమో క్రీమ్ దాచుకుని రాసుకుంటుంది. "సో హూ ఈజ్ లైయింగ్?" అని అడిగి, బస్సుకి వెళ్ళిపోయింది.

ఆ రోజు ఆఫీసులో పక్క డెస్క్ ఆవిడ పోర్చుగల్ మాట విని, "గ్రాండ్! మంచి రంగు తెచ్చుకుని వస్తారు," అంది. వెంటనే నాలుక కరుచుకుని ఎర్రబడింది. మంచి మనిషే. కానీ ఆ రోజు నాకు ఆమె మీదా కోపం వచ్చింది. శుక్రవారం పూసుకుని సోమవారం కడిగేసుకునేవాళ్ళకి ఇదంతా ఆట. నా పిల్ల కడుక్కోలేదు.

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి రాకుండా నేరుగా క్లోనీ వెళ్ళాను. అక్క తలుపు తీసి, నా ముఖం చూసి, "ఏమైందమ్మా?" అంది కంగారుగా. నిలబడే చెప్పాను, కోటు కూడా విప్పలేదు.

"అక్కా, మా అమ్మాయి రంగు గురించి మీరిక మాట్లాడొద్దు. ఆ ప్లాను మాకొద్దు. మేం పొద్దున్నే బీచ్‌కి పోతాం."

"ఏమన్నాను నేను?"

"ఉన్నది కాపాడుకోమన్నారు. అది తెల్లబడే క్రీమ్ రాసుకుని స్కూలుకి పోయింది."

అక్క ముఖం ఒక్క క్షణం వాడింది. తర్వాత గట్టిపడింది. "క్రీమ్ నేనిచ్చానా? మీ ఇంట్లోదేగా!"

చెంప మీద కొట్టినట్టయింది. నిజం కాబట్టి ఇంకా మండింది. "మా ఇంట్లోదే. మా అమ్మ నాకు నేర్పింది, నేను దానికి నేర్పాను, నడుమ మీరు చెయ్యేశారు. నాది నేను చూసుకుంటాను. మీరు మీ నోరు చూసుకోండి."

ఎనిమిదేళ్ళలో అలాంటి మాట ఆవిడతో అనలేదు. ఆవిడ మెట్ల మీద కూర్చుండిపోయింది. "మా దాన్ని ముగ్గురొచ్చి చూసి వద్దన్నారు, తెలుసా నీకు? చదువుంది, ఉద్యోగముంది, వంక పెట్టడానికి ఇంకేముంది? వీడియో కాల్‌లో ఒకావిడ లైటు వెయ్యమంది. సరిగ్గా కనపడ్డం లేదు, లైటు వెయ్యండి అంది. నేనే లేచి వేశాను. అది నీకు తెలీదు."

నాకు తెలీదు. విన్నాక జాలి వేసింది. కోపం మాత్రం తగ్గలేదు. "మరి ఆవిడ మీద అరవాల్సింది అక్కా," అన్నాను. "లైటు ఎందుకు వేశారు?" అక్క ఏడ్చింది. నేను దగ్గరికి వెళ్ళలేదు. తలుపు తీసుకుని వచ్చేశాను.

అక్క వాళ్ళు పోర్చుగల్ మానుకున్నారు. మా ఆయన నాతో నాలుగు రోజులు ముభావంగా ఉన్నాడు. "ఒక్క మాటకి ఎనిమిదేళ్ళ స్నేహాన్ని తెంపేశావు," అన్నాడు. "ఆ ఒక్క మాటకి మీరెందుకు నవ్వారో ముందు చెప్పండి," అన్నాను. ఆలోచించాడు. "ఏమో, అలవాటు," అన్నాడు. ఈ మొత్తం గొడవలో ఆయన నోటి నుంచి వచ్చిన నిజాయితీ గల మాట అదొక్కటే.

మిగిలిన ట్యూబుల్ని కత్తిరించి చెత్తలో వేశాను. నా కూతురు చూసింది. శెభాష్ అనలేదు, నవ్వలేదు. "ఓకే," అని తన గదిలోకి వెళ్ళింది. ఒకసారి పారేసినంత మాత్రాన అయిపోయే సంగతి కాదని దానికి నాకంటే ముందే తెలుసు.

జూన్‌లో ముగ్గురం వెళ్ళాం. పొద్దున్నే బీచ్‌కి దిగాం. మా అమ్మాయి పొడుగు చేతుల స్విమ్ సూట్, మోకాళ్ళ దాకా లాగు, వెడల్పు టోపీ వేసుకుని గొడుగు కింద పుస్తకం చదువుతూ కూర్చుంది. నీడ జరిగితే తానూ జరిగింది. నేను పోరలేదు. చుట్టూ ఎర్రగా కాలిపోతూ పడుకున్న మనుషుల్ని చూస్తే నాకు అరవాలనిపించేది. వీళ్ళలో ఒక్కరినైనా గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూశారా ఎవరైనా? నడుము లోతు నీళ్ళలోకి వెళ్ళి నిలబడ్డాను, నడినెత్తిన ఎండలో, ఈత రాకుండానే. అలలు తోస్తుంటే కాళ్ళు ఇసుకలో పాతుకుని నిలబడ్డాను. మా ఆయన ఒడ్డు నుంచి జాగ్రత్త జాగ్రత్త అని అరుస్తున్నాడు.

ఐదో రోజున గుహలకి పడవలు ఉన్నాయని హోటల్లో చెప్పారు. పదకొండింటికి బయలుదేరతాయి. సాయంత్రం ఆటుకి నీళ్ళు వెనక్కి పోతాయి కాబట్టి ఉండవు. "నీ ఇష్టం," అన్నాను దానితో. బ్రెడ్డు ముక్క నములుతూ చాలా సేపు ఆలోచించింది. చివరికి సన్‌స్క్రీన్ తెల్లగా మెత్తుకుని వెళ్ళింది. దానితో పాటు వాళ్ళ నాన్న. నాకు తెడ్డు వేసే ధైర్యం లేదు, ఒడ్డున కూర్చున్నాను.

రెండు గంటల తర్వాత తడిసి ముద్దయి వచ్చింది. టోపీ ఎక్కడో పోగొట్టుకుంది. గుహ పైకప్పుకి పెద్ద చిల్లు ఉందట, దాంట్లోంచి ఎండ స్తంభంలా నీళ్ళలోకి దిగుతోందట, నాన్న పడవని రెండుసార్లు రాతికి గుద్దాడట. ఊపిరి తీసుకోకుండా చెప్పింది. సగంలో తెలుగు మాటలు కూడా దొర్లాయి. నేను వింటున్నాను. చెబుతూ చెబుతూ పైకి జరిగిన స్విమ్ సూట్ పొడుగు చేతిని తనకు తెలియకుండానే మణికట్టు దాకా లాక్కుంది. ఇంకోసారి లాక్కుంది. నేను చూశాను. కోపంతో చేతిలో ఉన్న తువ్వాలు మెలిపెట్టేశాను. అది మాత్రం నీళ్ళ రంగు గురించి చెబుతూనే ఉంది.